పోటీవాడి ఫ్యాబ్‌లో మన చిప్: ఇవ్వాలా వద్దా అని లెక్క కట్టడం ఎలా

మొన్న ఆదివారం మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్సులో ముద్దపప్పు కలుపుకుంటుండగా మా పాత టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మా చిప్‌ను సొంత ఫ్యాబ్‌లో కాకుండా పోటీ కంపెనీ ఫౌండ్రీలో చేయిస్తే ఎలా ఉంటుందో నోట్ రాసుకురమ్మన్నాడు మా డైరెక్టర్. పది రోజులే టైమ్. వేఫర్ ధరలు రెండూ తెప్పించాను, వాళ్లది మనదానికి డబుల్ ఉంది. వద్దని రాసేయనా?"

రాసేయొద్దన్నాను. (కొత్తవాళ్లకి: ఫ్యాబ్ అంటే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ, ఫౌండ్రీ అంటే బయటివాళ్ల చిప్‌లు కూలికి చేసిపెట్టే ఫ్యాబ్, వేఫర్ అంటే చిప్‌లు అచ్చయ్యే గుండ్రటి సిలికాన్ పలక.) తర్వాత చెయ్యి ఎండిపోయేదాకా మాట్లాడాను. అప్పుడు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో తలుపు తెరిచిన దగ్గర్నుంచి ఈ ఊళ్లో చిప్‌లు గీసే ఆఫీసులు పెరుగుతూనే ఉన్నాయి, వాటిలో మనవాళ్లకి కొదవలేదు. నిర్ణయం ఎక్కడో బోర్డు రూములో జరిగినా దానికి కావలసిన అంకెల్లో చాలా మటుకు మన డెస్కుల మీద నుంచే పోతాయి. అంకె తప్పుగా పోతే నిర్ణయం కూడా తప్పుగానే వస్తుంది.

ఇది మన పల్లెలకి కొత్త సమస్యేమీ కాదు. మాది నెల్లూరు వైపు. ఊళ్లో మనలాగే బియ్యం అమ్మే ఆసామికే మంచి మిల్లు కూడా ఉందనుకోండి, మన మిల్లు పాతబడి నూకలు ఎక్కువ కొడుతోంది. మన వడ్లు తీసుకెళ్లి వాడి దగ్గర ఆడించుకోవాలా? బస్తాకి ఎంత తీసుకుంటాడనేది చిన్న ప్రశ్న. కోతల కాలంలో వాడి వడ్లూ మన వడ్లూ ఒకేసారి వస్తే ఎవరి బస్తా ముందు మరలోకి పోతుంది, అసలు ప్రశ్న అది. దీన్ని గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ముందుగా "మన చిప్" అనే మాటను ముక్కలు చేయండి. కంపెనీ మొత్తం బయటికి పోవాలా వద్దా అని అడిగితే జవాబు రాదు, గొడవ వస్తుంది. ఏ డై (వేఫర్ నుంచి కోసిన ఒక్కో చిప్ ముక్క) పోవాలి అని అడగండి. 2019లో ఏఎండీ జెన్ 2 ప్రాసెసర్లు తెచ్చినప్పుడు కోర్లున్న (అసలు లెక్కలు చేసే భాగాలున్న) చిన్న డైలను తైవాన్ ఫౌండ్రీ టీఎస్‌ఎంసీ 7 నానోమీటర్‌లో చేయించి, ఐఓ డైను (బయటితో డేటా ఇచ్చిపుచ్చుకునే ముక్కను) మాత్రం గ్లోబల్ ఫౌండ్రీస్ అనే మరో ఫౌండ్రీ పాత నోడ్‌లోనే ఉంచింది. (నోడ్ అంటే తయారీ పద్ధతి తరం, నానోమీటర్ అంకె తగ్గేకొద్దీ కొత్తది.) 2023 చివర్లో వచ్చిన ఇంటెల్ మీటియర్ లేక్‌లో కోర్లున్న టైల్ (డైని ఇంటెల్ ఇక్కడ అలా పిలుస్తుంది) ఇంటెల్ సొంత ప్రాసెస్ (తయారీ పద్ధతి), గ్రాఫిక్స్ టైల్ టీఎస్‌ఎంసీది, అన్నిటినీ ఒకే అడుగు డై మీద పేర్చి ప్యాకేజ్ చేసింది మళ్లీ ఇంటెలే. ఐఓ, అనలాగ్ భాగాలు కొత్త నోడ్‌కి పోయినా పెద్దగా కుంచించుకోవు, వాటికి ఖరీదైన వేఫర్ దండగ. కాబట్టి మీ బ్లాక్ డయాగ్రమ్ తీసి, ఏది కొత్త నోడ్‌తో లాభపడుతుంది, ఏది పడదు అని పెన్సిల్‌తో గీత గీయండి. డైను విడగొట్టలేని పాత డిజైన్ అయితే అదీ స్పష్టంగా రాయండి, అప్పుడు అన్నీ లేదా ఏమీ లేదు అన్నట్టే.

ఇక లెక్క. వేఫర్ ధరను వేఫర్ ధరతో పోల్చడమంటే రెండు మిల్లుల కూలి కనుక్కుని ఊరుకోవడం. మా నాన్న ఎప్పుడూ అలా అడిగేవాడు కాదు, క్వింటాలు వడ్లకి ఎన్ని కిలోలు దిగుతాయి, అందులో నూకలెన్ని అని అడిగేవాడు. మనకీ అదే. 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద 100 చదరపు మిల్లీమీటర్ల డైలు అంచుల్లో పోయేవి పోగా సుమారు 640 పడతాయి. 400 చదరపు మిల్లీమీటర్లదైతే 143. ఇప్పుడు చదరపు సెంటీమీటరుకి లోపాలెన్నో తీసుకుని, దాన్ని చదరపు సెంటీమీటర్లలో డై వైశాల్యంతో గుణించి, ముందు మైనస్ పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఈఎక్స్‌పీ కొట్టండి, అతి సులువైన ఈల్డ్ (వందలో ఎన్ని డైలు మంచివి దిగుతాయనే) సూత్రం అదే. మొదటి అంచనాకి చాలు.

లోపాలు 0.1 ఉన్న ప్రాసెస్‌లో చిన్న డై ఈల్డ్ 90 శాతం పైన, అంటే మంచివి 579. పెద్ద డై 67 శాతం, మంచివి 96. లోపాలు 0.5 ఉన్న ప్రాసెస్‌లో చిన్నవి 388 మిగులుతాయి, పెద్దవి మాత్రం 19. పందొమ్మిదే! ఇప్పుడు ఉదాహరణకి (ఇవి నేను ఊహించుకున్న ధరలు, ఎవరివీ కావు) మన ఫ్యాబ్‌లో వేఫర్ 8 వేల డాలర్లు, లోపాలు 0.5 అనుకోండి. పోటీవాడి దగ్గర 16 వేలు, లోపాలు 0.1. చిన్న డై మన దగ్గర సుమారు 21 డాలర్లు, వాడి దగ్గర 28. మనదే చవక. అదే పెద్ద డై మన దగ్గర 421, వాడి దగ్గర 167. అవే రెండు ఫ్యాబ్‌లు, అవే ధరలు, డై సైజు మారగానే జవాబు తలకిందులైంది. మావాడు "డబుల్ ఉందన్నా" అన్నప్పుడు నేను అడిగింది ఒక్కటే, నీ డై ఎంతరా అని. దానికి వాడి దగ్గర జవాబు లేదు.

ఈ లెక్కకి రెండు దిద్దుబాట్లు. ఒక కోర్ చెడిన డైలను ఆ కోర్ మూసేసి తక్కువ మోడల్‌గా అమ్మగలిగితే అసలు ఈల్డ్ పైన చెప్పినంత ఘోరంగా ఉండదు. రెండోది, పోటీవాడి నోడ్ మరింత దట్టంగా ఉంటే అదే డిజైన్ చిన్న డైలో పడుతుంది, అప్పుడు వాడి అంకె ఇంకా మెరుగవుతుంది. రెండూ వేసి మళ్లీ చేయండి. లోపాల అంకె అడిగితే మీ ఫ్యాబ్‌వాళ్లు వచ్చే ఏడాదికి అనుకుంటున్న అంకె ఇస్తారు, చూసుకోండి. ఈ నెలది అడగండి, గత నాలుగు త్రైమాసికాలవీ అడగండి, గీత ఎటు పోతోందో తెలుస్తుంది.

చాలా నోట్లలో ఎగిరిపోయే సంగతి ఇంకొకటుంది. మన ఫ్యాబ్‌లో వేఫర్ 8 వేలు అంటున్నారు కదా, నెలకి ఎన్ని వేఫర్లు నడిస్తే అది 8 వేలు? నెలకి 10 వేల వేఫర్లు నడుస్తున్నాయనీ, అందులో ఒక్కోదాని మీద 5 వేలు యంత్రాల తరుగుదల, భవనం, జీతాల లాంటి కదలని ఖర్చులనీ అనుకోండి. 4 వేల వేఫర్లు పోటీవాడికి ఇచ్చేశాం. యంత్రాలు అక్కడే ఉన్నాయి, వాటి వాయిదాలు ఆగవు. ఆ 5 కోట్ల డాలర్ల బరువు మిగిలిన 6 వేల వేఫర్ల మీద పడుతుంది, ఒక్కోటి 8 వేల నుంచి 11 వేలు దాటుతుంది. బయటికి పంపిన డై మీద మిగిలిందంతా ఇంట్లో ఉన్న డై తినేస్తుందన్నమాట. ఇంటెల్ 2024 ఏప్రిల్‌లో తన ఫ్యాబ్‌ల లెక్కలు మొదటిసారి విడిగా చూపించినప్పుడు 2023 ఏడాదికి 7 బిలియన్ డాలర్ల ఆపరేటింగ్ నష్టం బయటపడింది. ఉత్పత్తుల లాభాల మధ్య కలిసిపోయి ఉన్నంతకాలం ఆ అంకె ఎవరి కంటా పడలేదు. మీ నోట్‌లో "ఖాళీ అయిన ఫ్యాబ్ ఖర్చు" అని ఒక వరుస తప్పకుండా ఉండాలి, అది లేని నోట్ చూపిస్తే ఫైనాన్స్‌వాళ్లు రెండో నిమిషంలో పట్టేస్తారు.

తర్వాతది పోర్టింగ్, అంటే డిజైన్‌ను ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి మార్చడం. ఇక్కడ మన బెంగళూరు టీమ్‌లకే అందరికన్నా బాగా తెలుసు, ఎవరూ అడగరు అంతే. ఆర్‌టీఎల్ (చిప్ ఏం చేయాలో రాసుకున్న కోడ్) మారదు కాబట్టి ఆరు నెలల్లో అయిపోతుందని స్లయిడ్‌లో రాస్తారు. ఆర్‌టీఎల్ మారదు, నిజమే. స్టాండర్డ్ సెల్స్ (లాజిక్ ఇటుకలు) మారతాయి, ఎస్‌ర్యామ్ మాక్రోలు (చిప్ లోపలి మెమరీ దిమ్మెలు) మారతాయి, సెర్డెస్, మెమరీ పీహెచ్‌వై (బయటితో వేగంగా డేటా పంపే సర్క్యూట్లు) లాంటి హార్డ్ ఐపీలన్నీ (ఒక ప్రాసెస్‌కే గీసిన రెడీమేడ్ బ్లాకులన్నీ) మళ్లీ కొనాలి లేదా మళ్లీ గీయాలి, టైమింగ్ మళ్లీ క్లోజ్ చేయాలి (సిగ్నళ్లు సమయానికి చేరేలా సరిచేయాలి), పవర్ గ్రిడ్ మళ్లీ వేయాలి. ఒక ప్రాసెస్ కోసం పుట్టిన డిజైన్‌ను మరో ప్రాసెస్‌లోకి తోస్తే ఏమవుతుందో చూడాలంటే 2021 నాటి ఇంటెల్ ప్రాసెసర్ రాకెట్ లేక్ చూడండి. 10 నానోమీటర్ కోసం గీసిన కోర్‌ను, ఆ ప్రాసెస్ ఆలస్యం కావడంతో ఇంటెల్ 14కి వెనక్కి తెచ్చింది. కోర్ పెద్దదైపోయి, అంతకుముందు తరంలో 10 కోర్లున్న చోట 8 మాత్రమే పట్టాయి. అది కూడా సొంత ఇంట్లోనే, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారినందుకే. పొరుగింటికి మారితే ఎంత ఉంటుందో ఊహించుకోండి.

నేను గతంలో పనిచేసిన ఒకచోట (పేరెందుకు లెండి) ఇలాగే మారాం. కొత్త ప్రాసెస్‌లో మాకు కావలసిన పీహెచ్‌వై "అందుబాటులో ఉంది" అని వెండర్ పట్టికలో ఉంది. అందుబాటులో ఉన్నది దాని డాక్యుమెంట్ అని, సిలికాన్ మీద దాన్ని ఇంకా ఎవరూ నడిపి చూడలేదని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. టేపౌట్ జరిగింది (డిజైన్‌ను తయారీకి పంపేశాం), వెనక్కి వచ్చిన చిప్‌లో అదొక్కటే పనిచేయలేదు. అప్పటినుంచి ఐపీ పట్టికలో ఒక కాలమ్ అదనంగా పెడతాను: ఈ నోడ్‌లో, ఈ వేగంతో, ఎవరి చిప్‌లో నడిచింది? జవాబు ఖాళీగా ఉంటే ఆ బ్లాక్‌తో ముందు షటిల్‌లో (పలువురి ప్రయోగ చిప్‌లు ఒకే వేఫర్ మీద కలిపి చేసే బ్యాచ్‌లో) టెస్ట్ చిప్ వేయాలి, అంటే ఇంకో ఏడాది దాకా పట్టొచ్చు.

ఇప్పుడు పోటీవాడు ఎలాంటివాడో చూద్దాం. అందరూ ఒకే రకం పోటీ కారు. టీఎస్‌ఎంసీ 1987లో మోరిస్ చాంగ్ పెట్టిన నాటి నుంచి సొంత చిప్ అమ్మదు, కస్టమర్‌తో పోటీ పడదు. అది మన ఫ్యాబ్‌కి పోటీ, మన ఉత్పత్తికి కాదు. అక్కడ చిక్కు వేరే: క్యూలో మనకన్నా ముందు నిలబడేది మన అసలు పోటీదారులే, వాళ్లు పాత కాపులు, ఎక్కువ డబ్బు ముందే కట్టినవాళ్లు. సామ్‌సంగ్ 2017లో ఫౌండ్రీని విడి విభాగం చేసింది గానీ ఫోన్లూ అమ్ముతుంది, ఎక్సినోస్ చిప్‌లూ చేస్తుంది. ఇంటెల్ కూడా ఇప్పుడు ఒక చేత్తో తన ప్రాసెసర్లు అమ్ముతూ ఇంకో చేత్తో బయటివాళ్ల వేఫర్లు చేస్తానంటోంది. ఈ రెండో రకం దగ్గర మిల్లు ప్రశ్న నేరుగా వస్తుంది.

మన డిజైన్ దొంగిలిస్తారేమో అనే భయం అందరికీ మొదట వస్తుంది. నా ఉద్దేశంలో అది అతిగా పడే భయం. టేపౌట్ ఫైల్‌లో ఉండేది కోట్ల కోట్ల చతురస్రాలు, దాంట్లోంచి మన ఆలోచన తవ్వి తీసేలోపు మన తర్వాతి తరం వచ్చేస్తుంది, పైగా కస్టమర్ రహస్యాలకి కట్టిన అడ్డుగోడ (ఫైర్‌వాల్) దాటినట్టు బయటపడితే ఆ ఫౌండ్రీ దగ్గరకి ఇంకెవరూ రారు. నిజంగా తెలిసిపోయేవి మామూలు విషయాలు: టేపౌట్ ఎప్పుడు, డై ఎంత, నెలకి ఎన్ని వేఫర్లు, ఈల్డ్ ఎలా ఎక్కుతోంది. ఈ నాలుగూ కలిపితే మనం ఎప్పుడు లాంచ్ చేస్తామో, ఎన్ని అమ్ముతామనుకుంటున్నామో, ఒక్కోదాని మీద ఎంత మిగులుతుందో తెలిసిపోతుంది. కంచె చేను మేయాలంటే పంట కోసుకుపోనక్కర్లేదు, ఎప్పుడు కోతకొస్తుందో తెలిస్తే చాలు. అందుకే ఒప్పందంలో సర్క్యూట్ రహస్యం గురించి పది పేజీలు రాసి వేఫర్ ఫోర్‌కాస్ట్ ఎవరెవరు చూడొచ్చో రాయకుండా వదిలేయకండి.

ఇష్టం లేని ఇంట్లోంచి బయటికి రావడానికి ఎంతకాలం పడుతుందో తెలియాలంటే యాపిల్ కథ చాలు. అప్పట్లో ఐఫోన్ చిప్‌లు చేసేది సామ్‌సంగ్. 2011 ఏప్రిల్‌లో అదే సామ్‌సంగ్ మీద యాపిల్ కోర్టుకెక్కింది. అయినా 2013 ఏ7 చిప్ దాకా తయారీ సామ్‌సంగ్ దగ్గరే. 2014లో ఏ8తో గానీ టీఎస్‌ఎంసీకి మారడం కుదరలేదు. అంత డబ్బున్న కంపెనీకే, కోర్టులో ముఖాముఖి నిలబడి కూడా మూడేళ్లు! మరుసటి ఏడాది ఏ9ను ఇద్దరి దగ్గరా చేయించింది, ఒకే చిప్ సామ్‌సంగ్‌లో 96 చదరపు మిల్లీమీటర్లు, టీఎస్‌ఎంసీలో 104.5. అంటే ఒక డిజైన్‌ను రెండుసార్లు గీశారు. సెకండ్ సోర్స్ (రెండో తయారీదారు) పెట్టుకుందాం అని మీటింగ్‌లో ఎవరైనా తేలిగ్గా అంటే ఈ రెండు అంకెలు చూపించి, రెండో లేఅవుట్ టీమ్‌కి హెడ్‌కౌంట్ ఎవరిస్తారో అడగండి.

చిప్ కంపెనీ ఆల్టెరా సంగతి ఇంకా చిత్రం. ఏళ్ల తరబడి టీఎస్‌ఎంసీ కస్టమర్. 2013లో ఇంటెల్ 14 నానోమీటర్ మీద ఆశపడి దాని ఫౌండ్రీకి వెళ్లింది. ఆ చిప్‌లు అనుకున్నదానికన్నా ఆలస్యమయ్యాయి. 2015లో ఇంటెల్ ఆల్టెరానే 16.7 బిలియన్ డాలర్లకి కొనేసింది. మిల్లుకి వడ్లు తీసుకెళ్తే పొలం కూడా రాయించుకున్నట్టు.

ఒప్పందం దగ్గర లాయర్లు ఉంటారు కదా అని మనం పక్కకి జరుగుతాం. జరగకండి, కనీసం మూడు చోట్ల టెక్నికల్‌వాళ్లు కూర్చోవాలి. చెడిన డై ఎవరి ఖాతాలో? మామూలుగా ఫౌండ్రీ వేఫర్ అమ్ముతుంది, నూకలు మనవే. కొత్త నోడ్‌లో మంచి డైకి ఇంత అని బేరం కుదిరితే చాలా మేలు. రెండోది, తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాల్సిన కనీస పరిమాణం. ఏఎండీ 2009లో తన ఫ్యాబ్‌లను గ్లోబల్ ఫౌండ్రీస్‌గా విడగొట్టాక ఇన్ని వేఫర్లు కొంటామని మాటిచ్చింది, అమ్మకాలు పడిపోయాయి, 2012 చివర్లో కొనని వేఫర్ల నుంచి బయటపడడానికి 320 మిలియన్ డాలర్లు కట్టుకుంది. మూడోది, వాళ్లు ఆ నోడ్ దారే వదిలేస్తే మన గతేంటి? ఐబీఎం తన చిప్ ఫ్యాక్టరీలను 2015లో గ్లోబల్ ఫౌండ్రీస్‌కి ఇచ్చేసింది, తీసుకున్నందుకు ఎదురు 1.5 బిలియన్ డాలర్లు ఇస్తామని కూడా ఒప్పుకుంది, రాబోయే తరాల చిప్‌లు అక్కడే చేయిస్తామనుకుంది. 2018 ఆగస్టులో ఆ ఫౌండ్రీ 7 నానోమీటర్ ఆపేసింది. ఐబీఎం పవర్10 ప్రాసెసర్ కోసం సామ్‌సంగ్ దగ్గరకి వెళ్లింది, 2021లో గ్లోబల్ ఫౌండ్రీస్ మీద కోర్టుకీ వెళ్లింది, 2025 జనవరిలో రాజీ కుదిరింది. అదే 2018లో ఏఎండీకి మాత్రం ఆ ఆపడం కలిసొచ్చింది, 7 నానోమీటర్ చిప్‌ల కోసం టీఎస్‌ఎంసీకి మారే దారి తెరుచుకుంది. ఒకే సంఘటన, ఇద్దరికీ రెండు రకాలు.

తగ్గింపు ధర మీద నోట్ కట్టకండి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న సామెత ఇక్కడ ఇటూ అటూ ఇద్దరికీ వర్తిస్తుంది. ఇంటెల్‌కి టీఎస్‌ఎంసీ ఇచ్చిన 40 శాతం తగ్గింపు, తైవాన్ భద్రత గురించి ఇంటెల్ అప్పటి సీఈఓ పాట్ గెల్సింగర్ బహిరంగంగా అన్న మాటల తర్వాత పోయిందని 2024లో రాయిటర్స్ రాసింది. లెక్క పూర్తి ధరతో చేయండి, తగ్గింపు వస్తే అది పండగ బోనస్.

మనుషుల సంగతి స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కదు, విడిగా ఒక పేరా రాయండి. తర్వాతి తరం బయటే అని ప్రకటించిన రోజు నుంచి మన ప్రాసెస్ ఇంజినీర్లు రెజ్యూమెలు దిద్దుకోవడం మొదలెడతారు, వాళ్లలో బయట ముందు ఉద్యోగం దొరికేది మంచివాళ్లకే. 2020 జులై 23న ఇంటెల్ 7 నానోమీటర్ ఆలస్యమని, అవసరమైతే బయటి ఫౌండ్రీలు వాడతామని చెప్పిన మర్నాడు షేరు 16 శాతం పడింది. అయినా ఫ్యాబ్‌లు మూయలేదు. లూనార్ లేక్ ప్రాసెసర్‌లో కోర్లున్న టైల్ కూడా టీఎస్‌ఎంసీకి ఇచ్చినవాళ్లు, తర్వాత పాంథర్ లేక్ కోర్లను సొంత 18ఏ ప్రాసెస్‌కి తిరిగి తెచ్చుకోగలిగారంటే కారణం అదే. దాని వెనక పోసిన డబ్బు మన కంపెనీల దగ్గర ఉంటుందా అనేది వేరే మాట. కొత్త నోడ్‌లకి కావలసిన ఈయూవీ యంత్రాలు (వేఫర్ మీద అతి సన్నటి గీతలు అచ్చువేసేవి) ప్రపంచంలో ఏఎస్‌ఎంఎల్ అనే కంపెనీ ఒక్కటే చేస్తుంది, ఒక్కోటి 15 కోట్ల డాలర్ల పైమాటే. ఒక తరం వదిలేస్తే మళ్లీ అందుకోవడం కష్టం. (గుజరాత్ ధోలేరాలో టాటాలు కడుతున్న ఫ్యాబ్‌లో చేయించొచ్చుగా అని మావాడు మధ్యలో అడిగాడు. అది 28 నానోమీటర్, ఆ పై పాత నోడ్‌లది, మంచి వ్యాపారమే, ఈ ప్రశ్నకి మాత్రం జవాబు కాదు.)

చిన్న సంగతి, ఎవరూ రాయరు: కాల్స్ టైమ్. అమెరికా ఫ్యాబ్‌తో ఇన్నాళ్లూ రాత్రి తొమ్మిదికి మాట్లాడాం, తైవాన్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, కాబట్టి పొద్దున ఆరున్నరకే కూర్చోవాలి. రింగ్ రోడ్డు ట్రాఫిక్ తప్పుతుంది, అదొక్కటి లాభం.

చివరగా, నోట్‌లో మొదటి పేజీలో ఒక తేదీ ఉండాలి. లాంచ్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మావాడు వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి తన లెక్క చదివాడు: పోర్టింగ్ 14 నెలలు, మొదటి సిలికాన్ రావడానికి 4, బ్రింగప్ (వచ్చిన చిప్‌ను నడిపి చూడడం) 3, తప్పులు దిద్ది మరో స్పిన్ (మళ్లీ తయారీ) 5, క్వాలిఫికేషన్ (నమ్మకంగా పనిచేస్తుందో పరీక్షలు), ఉత్పత్తి పెంచడం 6. మొత్తం 32. వాళ్ల లాంచ్‌కి ఉన్నది 22.

"అయితే ఏం రాశావు?" అన్నాను. ఈ తరానికి ఈ ప్రశ్న అడగాల్సిన రోజు పది నెలల కిందటే దాటిపోయింది, తర్వాతి తరంలో పెద్ద డై ఒక్కదానికి టెస్ట్ చిప్ వేయాలంటే షటిల్ డబ్బులు ఈ త్రైమాసికంలోనే కావాలి అని రాశాడట. డైరెక్టర్ ధరల పేజీ తిప్పనే లేదు, షటిల్‌కి ఎంతవుతుందని అడిగాడట.